పొన్నంగి పిట్ట ఆకులు తిరగేస్తున్నంత సేపు

ఈ ఏడాది మే నెలలో ఒక తెల్లవారుజామున, విశాఖ వైపు అనంతగిరి కొండల్లో ఒక చిన్న గెడ్డ (కొండవాగు) ఒడ్డున, తడి ఆకుల మీద పరచుకున్న గోనెపట్టా మీద నేను బోర్లా పడుకుని ఉన్నాను. వెలుతురు ఇంకా అడవి నేల దాకా దిగలేదు. నాకు ముప్పై అడుగుల దూరంలో, వెదురు పొద మొదట్లో, ఎండుటాకులు ఒకటొకటిగా పక్కకు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు చేస్తున్నది ఒక పొన్నంగి పిట్ట. ఆకును ముక్కుతో పట్టి పక్కకు విసిరి, కింద కనబడిన పురుగును అందుకుని, రెండు గెంతులు వేసి మళ్ళీ ఇంకో ఆకును పట్టుకుంటూ అది తన పొద్దుటి పనిలో ఉంది. నేను అక్కడ ఉన్నంత సేపూ ఆ పిట్ట ఆ పనిని నా వల్ల ఆపకూడదన్నది నేను పెట్టుకున్న నియమం. ఫోటో దొరకడం, దొరకకపోవడం ఆ తరువాతి సంగతి.

గోరింక కంటే కాస్త చిన్నదిగా, బొద్దుగా, తోక ఉందా లేదా అన్నట్లుండే ఈ పక్షిని కొందరు పొలంకి పిట్ట అని కూడా అంటారు. ఆకుపచ్చని వీపు, రెక్క మీద మెరిసే నీలిరంగు, గోధుమ వన్నె రొమ్ము, తెల్లని గొంతు, కంటి మీదుగా సాగే నల్లని పట్టీ, తోక కింద కుంకుమ అద్దినట్లుండే ఎరుపు చూసి హిందీవారు దీనికి నవరంగ్ అని పేరు పెట్టుకున్నారు. తమిళులు దీనిని ఆరుమణి కురువి అంటారు, ఎందుకంటే ఉదయం ఆరు గంటల వేళ, సాయంత్రం ఆరు గంటల వేళ రెండు స్వరాల ఈల వేసి ఇది తన ఉనికిని చాటుకుంటుంది. చలికాలమంతా దక్షిణాదిలోనూ శ్రీలంకలోనూ గడిపి, ఎండలు ముదిరే రోజుల్లో గుడ్లు పెట్టడానికి మధ్య భారతంలోని అడవుల వైపు, హిమాలయాల పాదాల వైపు ఎక్కువగా రాత్రి పూట ఎగురుతూ ప్రయాణిస్తుంది. ఈ పక్షి విషయంలో నాకు ఎంతో ఆప్తంగా అనిపించేది మాత్రం దాని శాస్త్రీయ నామం. 1816లో వియ్యో అనే ఫ్రెంచి పక్షి శాస్త్రవేత్త ఈ ప్రజాతికి ‘పిట్టా’ అని పేరు పెట్టాడు. అది మన తెలుగు మాటే. మన ఇళ్ళల్లో పిల్లలకు గోరుముద్దలు తినిపిస్తూ చూపించే ‘పిట్ట’ అనే మాటతోనే, ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఉన్న ఈ కుటుంబపు పక్షులన్నిటినీ ప్రపంచం ఇవాళ పిలుస్తోంది.

మన మాటను తన పేరుగా మోస్తున్న ఈ పక్షికే నేను ఒకప్పుడు అపచారం చేశాను. దానిని దాచిపెట్టి మర్యాద గురించి రాయడం సబబు కాదు కనుక ముందుగా అదే చెబుతాను.

నాలుగేళ్ళ క్రితం, డిగ్రీ పూర్తయిన సంవత్సరం, సెకండ్ హ్యాండ్‌లో కొన్న కెమెరా, 150-600 ఎంఎం లెన్సు పట్టుకుని శృంగవరపుకోట నుంచి ఘాట్ రోడ్డు ఎక్కాను. పొన్నంగి పిట్టను అప్పటికి ఇతరుల ఫోటోలలోనే చూశాను. దాని ఈల నా ఫోనులో ఉంది. ఒక లోయలో అది పిలవడం విని, ఫోనును ఒక రాతి మీద పెట్టి, ఆ ఈలను మళ్ళీ మళ్ళీ వినిపించాను. ఐదు నిమిషాలు తిరగకుండానే పిట్ట వచ్చింది. నేల మీద పురుగులు వెదుక్కునే ఆ పక్షి నిటారుగా ఒక కొమ్మ మీద నిలబడి, అటూ ఇటూ తిరిగి చూస్తూ, మెడ సాచి, గొంతు చించుకుని పిలవసాగింది. నేను అరగంట సేపు ఆ ఈలను ఆపకుండా వినిపించి మూడు వందలకు పైగా ఫోటోలు తీశాను. వాటిలో ఒకదానిలో దాని కంట్లో ఆకాశం కూడా స్పష్టంగా కనబడుతుంది. ఆ ఫోటోను చూసి ఎందరో మెచ్చుకున్నారు.

ఆ సాయంత్రం నేను బస చేసిన ఇంటి తాత, కాఫీ తోటలో కలుపు తీసి వచ్చి అరుగు మీద కూర్చుని, కెమెరా తెర మీద ఆ ఫోటోలన్నీ ఓపిగ్గా చూశాడు. పిట్ట నా కోసం ఎంత బాగా పాడిందో నేను సంబరంగా చెబుతుంటే, ఆయన కాసేపు ఊరుకుని, తరువాత మెల్లగా అన్నాడు: “ఏటి తల్లీ, అది పాడతందనుకుంటన్నావా? పాట కాదది. ఎవుడో తన సోటులోకి వచ్చేసినాడని కేకలెడతంది. ఎంత ఎతికినా ఆడు కనబడడు, ఎల్లడు. దాని పానం ఎలాగుంటాదో నువ్వే సెప్పు.”

ఆ మాట నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. మరునాడు తెల్లవారగానే అదే చోటికి ఫోను లేకుండా వెళ్ళి కూర్చున్నాను. రెండు గంటలు గడిచినా ఆ లోయలో ఈల వినబడలేదు. అది నా వల్లనే జరిగిందని నేను నిరూపించలేను. పిట్ట వేరే వాగు వైపు వెళ్ళి ఉండవచ్చు, ఆ పూటకు మౌనంగా ఉండి ఉండవచ్చు. అయినా, గుడ్లు పెట్టే కాలంలో ఒక మగపక్షికి తన హద్దులు ఎంత ముఖ్యమో, లేని శత్రువును వెదుకుతూ అది పోగొట్టుకునే అరగంటలో ఎంత మేత మేయవచ్చునో, అప్పుడు దాని గూడు ఎంత సేపు కాపలా లేకుండా పోతుందో చదివి తెలుసుకున్న కొద్దీ, ఆ మంచి ఫోటోను చూడటం నాకు కష్టమైపోయింది. దానిని అన్ని చోట్ల నుంచి తీసివేశాను. ఎందుకు తీసివేశావని అడిగినవారికి ఉన్న సంగతి చెప్పాను.

రికార్డు చేసిన పిలుపును వినిపించడం ప్రతి సందర్భంలోనూ తప్పే అని నేను అనను. కడప జిల్లా లంకమల అడవుల్లోని కలివికోడి సంగతి తీసుకోండి. 1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందని అందరూ అనుకున్న ఆ పక్షిని 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్, స్థానికుల సాయంతో మళ్ళీ కనుగొన్నారు. రాత్రి పూట మాత్రమే తిరిగే ఆ పక్షి ఏ తుప్పల్లో మిగిలి ఉందో తెలుసుకోవడానికి పరిశోధకులు దాని పిలుపును వినిపించి జవాబు కోసం వేచి చూశారు, మెత్తని మట్టి పరచి దాని అడుగుజాడల కోసం వెదికారు. ఆ సమాచారం లేకపోతే ఆ తుప్పల అడవిని కాపాడమని ఎవరినీ అడగలేము. వారు అనుమతితో, లెక్కపెట్టుకున్న నిమిషాల పాటు, ఆ జాతి మనుగడ కోసం చేసిన పని అది. నేను చేసినది నా గోడ మీద పెట్టుకునే బొమ్మ కోసం. ఈ రెండింటికీ ఒకే పేరు పెట్టి, వాళ్ళు చేస్తే లేని తప్పు మేము చేస్తే వచ్చిందా అని వాదించేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

పిలవకుండా పొన్నంగి పిట్టను చూడాలంటే ఏం చేయాలో ఆ తాతే నేర్పాడు. ముందు అది ఎక్కడ మేస్తుందో చూడమన్నాడు. తేమ ఉన్న నేల, మందంగా పరచుకున్న ఎండుటాకులు, పైన గొడుగులా కప్పిన పొద, పక్కన పారే నీరు ఉన్న చోట ఆకులు తిరగబడి, తడి పక్క పైకి కనబడుతూ ఉంటే ఆ పూట ఏదో పక్షి అక్కడ మేసినట్లు లెక్క. అడవికోడి ఆకులను కాళ్ళతో గీరుతుంది కనుక నేల మీద గీతలు పడతాయి. పొన్నంగి పిట్ట ముక్కుతో ఆకును ఎత్తి పక్కకు పారేస్తుంది కనుక నేల చెదరదు. ఈ తేడా చెప్పే పుస్తకం నాకు ఇంతవరకు ఎదురుపడలేదు. ఆ చోటును గుర్తుపెట్టుకుని, వెంటనే వెనక్కి వచ్చేసి, మరునాడు పిట్ట రాక ముందే, చీకటి ఉండగానే వెళ్ళి పడుకోవాలి. మనం ముందుగా అక్కడ ఉండి పిట్ట తరువాత వస్తే, ఎంత దూరంలో ఆగాలో నిర్ణయించుకునేది అదే అవుతుంది. పిట్ట ఉన్న చోటికి మనం వెళితే ఆ నిర్ణయం దాని చేతిలో ఉండదు.

పడుకోవడం గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. నిలబడిన మనిషి ఆకారాన్ని అడవిలో ప్రతి జీవీ గుర్తుపడుతుంది. నేలకు ఆనుకుని ఉన్న మనిషిని కూడా అవి గుర్తుపడతాయి, కాకపోతే అంత వేగిరంగా భయపడవు. నేల మీద తిరిగే పక్షికి కంటి ఎత్తులో లెన్సు ఉండటం వల్ల ఫోటోకు మేలు జరుగుతుందన్నది కూడా నిజమే. నేను ముదురు ఆకుపచ్చ చొక్కా వేసుకుంటాను, మొహం చుట్టూ మట్టిరంగు తువ్వాలు చుట్టుకుంటాను, ఇసుక నింపిన సంచి మీద లెన్సును ఆనిస్తాను. కెమెరాలో చప్పుడు లేని షట్టరు ఉంటే దానినే వాడతాను. ఉదయం ఆరింటికి వెదురు నీడలో లెన్సును పూర్తిగా తెరిచి (ఎఫ్ 6.3), వెలుతురును అందుకునే కెమెరా శక్తిని బాగా పెంచినా (ఐఎస్‌ఓ 3200) షట్టరు వేగం సెకనులో 80వ వంతుకు మించదు. పది ఫోటోలలో తొమ్మిది మసకబారుతాయి. ఫ్లాష్ వేస్తే ఆ బాధ తీరుతుందని కొందరు సలహా ఇస్తారు. చీకటికి అలవాటుపడిన కళ్ళతో మేత వెదుక్కుంటున్న పక్షి మీద, గుడ్లగూబ మీద, నేల మీద ఒదిగి ఉన్న పక్షి మీద ఆ మెరుపును కురిపించడం నాకు ఇష్టం లేదు. పొన్నంగి పిట్ట ఆకును విసిరిన తరువాత పురుగు కోసం అర సెకను తల వంచి కదలకుండా చూస్తుంది. ఆ అర సెకనును కనిపెట్టి నొక్కగలిగితే 80వ వంతు వేగం కూడా సరిపోతుంది. ఈ సంగతి దానిని గంటల తరబడి చూడటం వల్లనే తెలిసింది. పిలిచి తెప్పించిన రోజున అది ఆకులు తిరగెయ్యనే లేదు కదా.

పక్షి మన వల్ల ఇబ్బంది పడుతోందని తెలుసుకోవడానికి పెద్ద విద్య అక్కరలేదు, చూడాలన్న శ్రద్ధ ఉంటే చాలు. మేస్తున్నది మేత ఆపుతుంది. రెక్కలు టకటకా ఆడిస్తుంది. మెడ నిక్కించి ఒకే వైపు, అంటే మన వైపు చూస్తూ ఉండిపోతుంది. మామూలు పిలుపుకు బదులు పొట్టిగా, గరుకుగా ఉండే హెచ్చరిక పిలుపు మొదలవుతుంది. వీటన్నిటిలోకి నన్ను ఎక్కువ కలవరపెట్టే గుర్తు ఒకటుంది: ముక్కున పురుగు పట్టుకుని ఉండి కూడా ఎటూ వెళ్ళకుండా ఒకే కొమ్మ మీద అటూ ఇటూ కదులుతున్న పక్షి. దాని గూడు దగ్గరలోనే ఉందని, పిల్లలు ఆకలితో ఎదురుచూస్తున్నాయని, మనం చూస్తుండగా ఆ గూటికి దారి చూపడం ఇష్టం లేక అది అక్కడే ఆగిపోయిందని దాని అర్థం. ఆ క్షణంలో చేయవలసినది కెమెరా దించి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోవడం ఒక్కటే. ఇంకొక్క ఫోటో అనుకునే వ్యవధి కూడా అందులో లేదు.

గూళ్ళ ఫోటోలు నేను తీయను. దూరం నుంచి, పెద్ద లెన్సుతో, పక్షికి తెలియకుండా తీయవచ్చని చెప్పేవారు ఉన్నారు, వారిలో నేను గౌరవించేవారు కూడా ఉన్నారు. నా నిర్ణయం వెనుక ఒక సంఘటన ఉంది. రెండేళ్ళ క్రితం వర్షాకాలం మొదట్లో ఒక బృందంతో కలిసి వెళ్ళాను. కాఫీ తోట అంచున, నడుము ఎత్తులో, సన్నని కొమ్మ పంగలో బ్లాక్ నేప్డ్ మోనార్క్ అనే నీలిరంగు చిన్నపిట్ట గూడు కట్టింది. గడ్డిపోచలనూ నాచునూ సాలెపురుగు దారాలతో అతికించి చేసిన దోసెడు గిన్నె అది. నేను నీళ్ళసీసా కోసం వెనక్కి వెళ్ళి వచ్చేసరికి, ముందు అడ్డంగా ఉన్న ఆకులను ఎవరో కత్తిరించి, రెండు కొమ్మలను తాడుతో పక్కకు లాగి కట్టారు. ఫోటోలు తీసుకున్నాక తాడు విప్పారు, కత్తిరించిన ఆకులను అతికించడం ఎవరి తరమూ కాదు కదా. మూడు రోజుల తరువాత ఆ దారిన ఒంటరిగా వెళ్ళినప్పుడు గూడు ఖాళీగా, ఒక పక్కకు ఒరిగి ఉంది. ఆ ఆకులు గూటికి ఎండ తగలకుండా, కాకికీ జెముడుకాకికీ పాముకూ కోతికీ కనబడకుండా కాపాడుతున్న తలుపులని, ఆ తలుపులను ఊడబెరికింది మా బృందమేనని అక్కడ నిలబడి ఉన్నంత సేపూ అనిపించింది. నేను కత్తెర పట్టలేదు, నిజమే. కానీ తాడు కట్టి ఉండగా చూసి కూడా విప్పమని అనలేదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘వేట’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో పక్షుల గుడ్లను పాడుచేయడమే కాక, గుడ్లను గాని గూళ్ళను గాని కలతపెట్టడం కూడా చేరి ఉందని నాకు తరువాత తెలిసింది. తుపాకి పట్టినవాడినీ, గూటి ముందు ఆకులు కత్తిరించినవాడినీ చట్టం ఒకే మాట కింద చేర్చిందంటే, ఆ రాసినవారికి గూడు అంటే ఏమిటో బాగా తెలుసునని నాకు అనిపిస్తుంది. అభయారణ్యాల్లో ఫోటోలు తీయడానికి అనుమతి తీసుకోవాలన్న నియమాన్ని విసుక్కునేవారికి నేను ఈ నిర్వచనాన్ని చదివి వినిపిస్తాను.

పాపికొండల అడవుల్లో హార్న్‌బిల్ పక్షుల సంగతి ఇంకా సున్నితమైనది. ఆడపక్షి పెద్ద చెట్టు తొర్రలోకి దూరి, ముక్కు పట్టేటంత సందు మాత్రం వదిలి, తొర్ర వాకిలిని మెత్తి మూసేసుకుంటుంది. వారాల తరబడి, లోపల తల్లికీ తరువాత పిల్లలకూ ఆహారం తెచ్చి ఆ సందులోంచి అందించే బాధ్యత మగపక్షిదే. ఆ చెట్టు కింద మనుషులు గుంపుగా నిలబడితే మగపక్షి దూరాన చెట్ల మీదే ఆగిపోతుంది. మనకు అది కాసేపు కాలయాపన. లోపల బందీగా ఉన్న తల్లికి అది తిండి లేని పూట. హార్న్‌బిల్ పండు అందిస్తున్న దృశ్యం ఫోటోలో ఎంత అందంగా ఉంటుందో నాకు తెలుసు. దాని గూటి చెట్టు ఎక్కడుందో చూపిస్తామని ఇద్దరు ముగ్గురు నన్ను పిలిచారు కూడా. నేను వెళ్ళలేదు. రావి, మర్రి జాతి చెట్లు పండిన రోజుల్లో వాటి కింద ఉదయం నుంచి ఓపిగ్గా కూర్చుంటే హార్న్‌బిల్స్ వాటంతట అవే వస్తాయి, తింటాయి, వెళతాయి. నా దగ్గర ఉన్న ఫోటోలన్నీ అలా తీసినవే.

ఇదే సందర్భంలో, విశాఖ కొండల్లో తిరిగే మాబోటివారికి తెలియవలసిన ఒక పేరు చెబుతాను. అబాట్స్ బ్యాబ్లర్ అనే గోధుమరంగు చిన్నపిట్ట ప్రధానంగా తూర్పు హిమాలయాల నుంచి ఆగ్నేయాసియా దాకా ఉంటుంది. అక్కడి నుంచి ఎంతో దూరంలో, మన తూర్పు కనుమల్లో విడిగా ఒక చిన్న సంతతి మిగిలి ఉంది. 1985లో రిప్లే, బీలర్ అనే శాస్త్రవేత్తలు దానిని ఒక ఉపజాతిగా వర్ణించి, విశాఖపట్నానికి చెందిన పక్షి పరిశీలకుడు కె. ఎస్. ఆర్. కృష్ణరాజు గారి గౌరవార్థం ‘కృష్ణరాజుయి’ అని పేరు పెట్టారు. ఈ పిట్టకు పొన్నంగి పిట్టకున్న రంగులు లేవు. నేలకు దగ్గరగా తుప్పల చాటున తిరుగుతూ అసలు కంటపడదు. దీని ఫోటో తీస్తే మెచ్చుకునేవారు కూడా తక్కువే. నా దగ్గర ఉన్న ఒకే ఒక్క ఫోటోలో ముందు ఆకులు మసకగా అడ్డం వచ్చి, పిట్ట సగమే కనబడుతుంది. అయినా అది ఏ తేదీన, ఏ వేళ, ఎటువంటి తుప్పలో కనబడిందో రాసి పెట్టుకున్నాను. ఒక మనిషి ఏళ్ళ తరబడి ఈ కొండల్లో నడిచి, చూసి, రాసుకున్నందువల్ల ఆయన పేరు ఒక పిట్టకు దక్కిందన్న తలపుతో, ఆ మసక ఫోటోను నేను నా మంచి ఫోటోలన్నిటికంటే ముందు పెట్టుకున్నాను.

అటువంటి చిన్న చిన్న నమోదులకు ఉన్న విలువ నాకు 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదికను చదివినప్పుడు బాగా తెలిసింది. దాదాపు 30 వేల మంది పక్షి పరిశీలకులు నమోదు చేసిన వివరాల ఆధారంగా 942 జాతుల పరిస్థితిని అందులో అంచనా వేశారు. మన పాలపిట్ట సంఖ్య గణనీయంగా తగ్గిందని, దాని స్థితిని అంతర్జాతీయ స్థాయిలో మళ్ళీ మదింపు చేయవలసి ఉందని అందులో ఉంది. తెలంగాణ రాష్ట్ర పక్షి అది. దసరా నాడు జమ్మిచెట్టుకు మొక్కి పాలపిట్టను చూస్తే శుభమని మా అమ్మమ్మ చెప్పేది. ఊరి పొలిమేర దాటి పొలాల్లోకి నడిచి, కరెంటు తీగ మీద వాలిన పిట్టను దూరం నుంచి చూసి దండం పెట్టుకోవడమే ఆమె ఎరిగిన ఆచారం. ఇప్పుడు కొన్ని చోట్ల పండగకు ముందే పిట్టలను పట్టి, ఎగరకుండా చేసి, పంజరాల్లో పెట్టి ఇంటింటికీ తిప్పి చూపిస్తున్నారు. ఆ పంజరాల ముందు సెల్‌ఫోను పట్టుకుని ఫోటోలు తీసుకునేవారిలో పక్షులంటే ఇష్టమని చెప్పుకునేవారూ ఉన్నారు. దయచేసి ఆ ఫోటో తీయకండి, ఆ పిట్టను చూపించినవారికి డబ్బు ఇవ్వకండి, వీలైతే అటవీ శాఖవారికి తెలియజేయండి. మీ ఇంటి పెద్దలకు మొక్కు తీరాలంటే వారిని స్కూటరు మీద ఎక్కించుకుని ఊరి బయటికి తీసుకువెళ్ళండి. గత మూడు దసరాలకు మేము అలాగే వెళ్ళాము. ఒక ఏడాది గంటన్నర వెదికితే గాని పిట్ట కనబడలేదు.

ఫోటో తీసిన తరువాత కూడా మన బాధ్యత తీరదు. ఏ ఊరి పక్కన, ఏ వాగు దగ్గర తీశామో రాస్తే, ఆ వారాంతానికి అక్కడికి ఐదు కార్లు వస్తాయి. పక్షులను చూసినవారు ఆ వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వంటి ఆన్‌లైన్ వేదికలు కూడా కొన్ని సున్నితమైన జాతులు కనబడిన చోటును అందరికీ కనబడకుండా ఉంచుతాయి. నేను జిల్లా పేరో, కొండల పేరో రాసి ఊరుకుంటాను. ఈ రాతలో కూడా ఆ గెడ్డ పేరు, ఆ తాత ఉండే ఊరి పేరు కావాలనే రాయలేదు. అడిగినవారికి చెప్పకపోవడం గర్వం వల్ల అని అనుకున్న స్నేహితులు ఉన్నారు. వారికి ఆ మోనార్క్ గూటి సంగతి చెబితే అర్థం చేసుకున్నారు.

మళ్ళీ మే నెల నాటి ఆ ఉదయానికి వస్తాను. అంతకు ముందు మూడు ఉదయాలు అదే చోట పడుకుని ఖాళీ చేతులతో తిరిగి వచ్చాను. మొదటి రోజు పిట్ట రానే లేదు. రెండో రోజు వచ్చింది గాని, నాకు దగ్గు వచ్చి, ఆపుకోలేకపోయాను. మూడో రోజు గెడ్డకు అవతలి ఒడ్డున మేసింది. నాలుగో రోజు, ఐదు యాభై ప్రాంతంలో, వెదురు ఆకుల సందుల్లోంచి లేత వెలుతురు నేల మీద పడే వేళకు అది పొద నీడలోంచి బయటికి వచ్చింది. ఒకసారి నా వైపు తల తిప్పి చూసింది. నేను ఊపిరి బిగబట్టి వేలు కూడా కదపలేదు. అది తల దించి, పక్కనే ఉన్న పెద్ద ఆకును ముక్కుతో పట్టి విసిరింది. నేను ఏడు ఫోటోలు తీశాను. వాటిలో నిలిచినవి రెండు. మంచిదనుకున్న దానిలో కూడా ఒక ఎండుటాకు అడ్డుపడి తోక కింది ఎరుపు సగమే కనబడుతుంది, ముక్కున వానపాము వేలాడుతూ ఉంటుంది.

ఆ తరువాత అది మేస్తూ మేస్తూ నా వైపే రాసాగింది. మూడు మీటర్ల కంటే దగ్గరికి వచ్చినదాన్ని నా లెన్సు చూడలేదు కనుక కెమెరా మీద నుంచి కన్ను తీసి, గడ్డం నేలకు ఆనించి, ఊరికే చూస్తూ ఉండిపోయాను. ఆకు విసిరినప్పుడు ఎగిరిన తడిమట్టి కణాలు కూడా కనబడేటంత దగ్గరగా వచ్చి, నా గోనెపట్టా అంచు దాకా మేసి, పక్కకు తిరిగి, గెడ్డ వెంబడి పొదల్లోకి వెళ్ళిపోయింది. ఆకుల చప్పుడు పూర్తిగా వినబడకుండా పోయిన తరువాత ఇంకో పావుగంట ఆగి లేచాను.

ఇంటికి చేరేసరికి తాత అరుగు మీద చోడి అంబలి తాగుతున్నాడు. “అగుపించినాదా తల్లీ?” అని అడిగాడు. అగుపించిందన్నాను. “నిన్ను సూసినాదా?” అని మళ్ళీ అడిగాడు. చూసింది గాని మేత ఆపలేదని చెప్పాను. ఆయన తల ఊపి, లోపలికి కేకవేసి నాకు కూడా ఒక గిన్నె అంబలి తెప్పించాడు. ఫోటో చూపించమని అడగడం మరిచిపోయాడు, నేనూ చూపించలేదు.